నూటికి నూరు మౌనం

బిషప్పు గారు ఇంగ్లండు వెళ్ళి పంతొమ్మిది రోజులుండి వచ్చారు. అంతవరకూ పాతరేవు బర్నబా చర్చికి చెప్పుకోదగ్గ కష్టాలేమీ లేవు.

వెళ్ళడం సంఘాల స్నేహయాత్ర పేరు మీద వెళ్ళారు. అక్కడివాళ్ళు మర్యాదస్తులు. ఆయన్ని ఒక పెద్ద కెథెడ్రల్‌లో సాయంకాల ఆరాధనకి తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టారు. తెల్లంగీలు వేసుకున్న గాయకబృందం బారులు తీరి వచ్చి, ఆర్గన్ మోగుతుండగా, యాంథమ్ అనే పెద్ద పాటని నాలుగు రకాల గొంతులతో పాడింది. వచ్చిన జనం పాడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నారు. ఒక ముసలాయనకి దగ్గొస్తే రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, మొహం ఎర్రగా కందిపోయినా సరే, పాట అయ్యేదాకా ఆపుకున్నాడు. బిషప్పు గారి మనసులో నాటుకుపోయింది యాంథమ్ కాదు, ఈ ముసలాయన. ఆంగ్లికన్ సంప్రదాయం శతాబ్దాలుగా కాపాడుకొస్తున్న రహస్యమంతా ఆ ఆపుకున్న దగ్గులోనే ఉందని ఆయనకి తోచింది.

తిరిగొచ్చిన వారంలోనే, తన ఏలుబడిలో ఉన్న అధ్యక్ష మండలంలోని చర్చిలన్నిటికీ సర్క్యులర్ నంబరు పద్నాలుగు వెళ్ళింది.

"ఇందుమూలముగా సమస్త సంఘములకు తెలియజేయునది ఏమనగా, ఆరాధనయందు గాయకబృందము పాడవలెను, సంఘము వినవలెను. సంఘసభ్యులు గొంతు కలుపుట, కూనిరాగము తీయుట, పాదముతో తాళము వేయుట మొదలగు అలవాట్లు ఆరాధనా ప్రమాణములకు భంగకరములుగా గుర్తించబడినవి. ఈ ఉత్తర్వు మండలమునకు చెందిన దేవాలయములు, ఆవరణలు, సమాధుల తోటలు అన్నిటికిని వర్తించును."

పాతరేవులో దీన్ని రెవరెండ్ ప్రసన్నకుమార్ అయ్యగారు ఆదివారం ప్రకటనల్లో చదివారు. అయ్యగారు మెత్తని మనిషి. నాలుగేళ్ళలో మూడు బదిలీలు చూసినవారు కనక మండల కార్యాలయం నుంచి ఏ కాగితం వచ్చినా గొంతు సవరించుకుని, చివర ఉన్న ముద్రతో సహా చదివేవారు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆర్గన్ ముందు కూర్చున్న డేనియల్ కృపావరం మాత్రం తల వంచుకుని పేజీలు తిప్పుతున్నట్టు నటించాడు. మొహంలో సంతోషం ఎవరికైనా కనపడిపోతుందేమోనని అతని భయం.

ఆ సంతోషానికి కారణం ఉంది. మిషన్ హైస్కూల్లో లెక్కల మాస్టారైన కృపావరం ముప్పై ఏళ్ళుగా ఆ చర్చి ఆర్గన్ వాయిస్తున్నాడు. దొరల కాలంలో ఓడెక్కి వచ్చిన పైపుల ఆర్గన్ అది. రెండువందల పది పైపుల్లో నూట ముప్పై పలుకుతాయి, మిగతావాటి మీద పావురాలకి హక్కుంది. కృపావరం పెళ్ళి కూడా చేసుకోకుండా ఆ నూట ముప్పై పైపుల్నీ సాకాడు. అయితే ముప్పై ఏళ్ళలో ఒక్క ఆదివారమూ సంఘం ఆర్గన్ వెంట పాడలేదు. సువార్తమ్మ వెంట పాడింది.

సువార్తమ్మ మూడో బెంచీలో కూర్చునే ఎనభై మూడేళ్ళ మనిషి. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. చర్చిలో సగం మందికి బొడ్డు కోసింది ఆవిడే. పాట ఎత్తుకుంటే ప్రతి మాటనీ సాగదీసి, చరణం చివర మరికాస్త సాగదీసి, ఊపిరి తీసుకుని, చెంగు సర్దుకుని గానీ రెండో చరణంలోకి అడుగుపెట్టేది కాదు. ఆవిడ పెట్టకపోతే ఎవరూ పెట్టేవారు కాదు. కృపావరం రెండో చరణం మొదలుపెట్టి, వెనక్కి చూసి, మళ్ళీ మొదటి చరణం గుమ్మంలో నిలబడి ఎదురుచూడాల్సి వచ్చేది. ఇంత అవమానాన్ని ఎవరితోనైనా చెప్పుకుందామంటే, ఆవిడ అతని కన్నతల్లి.

పై ఆదివారం కృపావరం జీవితంలో మొదటిసారి తన వేగంతో తను వాయించాడు. పన్నెండుమంది గాయకబృందం ఇంగ్లీషు యాంథమ్ ఒకటి పాడింది. సంఘం నోరు మూసుకుని, ఫ్యాన్ల చప్పుడుతో పాటు విన్నది. ఎవరూ సాగదీయలేదు, ఎవరూ వెనకబడలేదు. నాలుగు నిమిషాల్లో పాట పూర్తయింది. కృపావరం పుస్తకం మూశాడు. ఇంతకాలం తన సంగీతానికి అడ్డుపడుతున్నది ఈ జనమేనన్న సంగతి రుజువైపోయిందని అనుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సువార్తమ్మ కొడుకు కంచంలో పప్పు వడ్డిస్తూ, "బాగా వాయించావురా అబ్బాయ్," అంది.

"నిజంగానా అమ్మా?"

"నీ మీదొట్టు. గుళ్ళో ఎవురూ లేనట్టే వాయించావు."

కృపావరం పెద్దావిడ చాదస్తం అని సరిపెట్టుకున్నాడు.

నెల తిరక్కుండా ఆరాధనా ప్రమాణాల సాధికార సంఘం తనిఖీకి వచ్చింది. దాని కన్వీనరు ఎడ్విన్ వేదరత్నం గారు పాతరేవులోనే పుట్టి, ముప్పై రెండేళ్ళు ఆడిట్ శాఖలో చేసి రిటైరైనవారు. పాటలో తప్పు పట్టడానికి సంగీతం రానక్కర్లేదు, సరైన ఫారం ఉంటే చాలునని ఆయన నమ్మకం. నూరు మార్కులకు ఫారం తయారుచేసుకుని, చర్చి లోపల అందరికంటే వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆరాధన అయ్యాక లేచి ఫలితం ప్రకటించారు.

"పాతరేవు సంఘమునకు అరువది రెండు మార్కులు. కూనిరాగములు ఏడు. పాదతాళములు నాలుగు. 'ఆమేన్' అను శబ్దము బిగ్గరగా పదునొకండు పర్యాయములు. ఇకపై ఆమేన్‌ను మనస్సునందు పలికి, పలికినట్లు తల ఒకసారి దించవలెను. మూడవ బెంచీయందు ఒక వృద్ధురాలు ఆద్యంతము పెదవులు కదిపినారు."

"ఆమె మా అమ్మండి," అన్నాడు కృపావరం. "పళ్ళు లేవండి. ఊరికే కూర్చున్నా కదుల్తానే ఉంటాయండి."

"అటులైన దంతవైద్యుని ధ్రువపత్రము జతపరచవలెను."

కృపావరం ధ్రువపత్రం తెచ్చి జతపరిచాడు. "సదరు వృద్ధురాలి పెదవుల కదలిక దంతరాహిత్యము వలన సంభవించినదే గాని భక్తి వలన కాదు" అని డాక్టరు చేత రాయించాడు. రెండు మార్కులు కలిశాయి.

తక్కువ మార్కులొచ్చిన సంఘాల కోసం మండల కార్యాలయం రెండు రోజుల మౌన శిక్షణా శిబిరం పెట్టింది. పదకొండుమంది వక్తలు మౌనం గురించి పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా మైకులో మాట్లాడారు. వేదరత్నం గారి వందన సమర్పణ ఒక్కటే గంటా పది నిమిషాలు పట్టింది. వెళ్ళొచ్చిన వాళ్ళని బెంచీకొకరు చొప్పున మౌన పర్యవేక్షకులుగా నియమించి భుజాన ఆకుపచ్చ రిబ్బను కట్టారు. పర్యవేక్షకుడు పక్కవాడి నోరు చూడాలి గనక ప్రసంగం వినేవాడు లేకపోయాడు. అయ్యగారు ఎందుకైనా మంచిదని ప్రసంగం కూడా తగ్గించి చెప్పసాగారు.

సంఘం పూర్తిగా దారికొచ్చింది. అప్పుడు అధికారుల చూపు గాయకబృందం మీద పడింది.

బిషప్పు గారు ఇంగ్లండులో తన ఫోన్లో రికార్డు చేసిన యాంథమ్‌ని వేదరత్నం గారు ఒక చెవికి పెట్టుకుని, రెండో చెవితో పాతరేవు బృందాన్ని విన్నారు. విని పెదవి విరిచారు.

"మన బృందమున ఊపిరి పీల్చు శబ్దము స్పష్టముగా వినవచ్చుచున్నది. ఇంగ్లండు బృందమున అట్టి శబ్దము లేదు."

"ఆళ్ళు పీల్చరేమోనండి," అన్నాడు యాకోబు. బృందంలో మంద్రస్థాయి పాడే మనిషి, వృత్తికి వడ్రంగి. ఊళ్ళో చర్చివాళ్ళకి శవపేటికలు చేసిపెట్టేది అతనే.

వేదరత్నం గారు ఈ జవాబుని కూడా రాసుకున్నారు. పదిహేను రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. "పరిశీలనలో తేలినది ఏమనగా, గాయకబృందముల తప్పులన్నియు పాడు సమయముననే దొర్లుచున్నవి. కావున ప్రమాణస్థాయి చేరువరకు బృందములు ధ్వనిరహిత గానము చేయవలెను. అంగీలు ధరించుట, నిలబడుట, నోరు తెరచుట యథాప్రకారము జరుగవలెను."

కృపావరం అయ్యగారి దగ్గరికి పరిగెత్తాడు. "ఇదేంటండీ అయ్యగారూ! నోరు తెరిచి పాడకుండా నిలబడితే చూసేవాళ్ళేమనుకుంటారండీ?"

అయ్యగారు కాగితాన్ని రెండుసార్లు తిరగేసి చూశారు. "చూసేవాళ్ళు కూడా ఏమీ అనకూడదు గదా మాస్టారూ, ఆర్డరుంది," అన్నారు బాధగా.

పన్నెండుమందీ తెల్లంగీలు వేసుకుని, ఆర్గన్ మోగుతుండగా నోళ్ళు తెరిచారు, మూశారు. ఈసారి ఎనభై నాలుగు మార్కులొచ్చాయి. మండలంలో రెండో స్థానం. మిగిలిన పదహారు మార్కులూ ఆర్గన్ దగ్గర పోయాయని వేదరత్నం గారు తేల్చారు. పదిహేడు పైపుల్లో శ్రుతి తేడా ఉందట. బాగుచేయిద్దామంటే ఆర్గన్ వారసత్వ సంపద కింద ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఇంకో సర్క్యులరుంది.

"కనుక గాలి నింపు యంత్రమును ఆపివేసి వాయించవలెను," అన్నారు వేదరత్నం గారు.

కృపావరానికి మొదట అర్థం కాలేదు. "బ్లోయరు ఆపితే పైపుల్లోకి గాలి పోదండి. గాలి పోకపోతే పలకవండి."

"పలుకకుండిన శ్రుతి తప్పదు గదా మాస్టారు గారూ. మీరు లెక్కల వారు, మీకు వేరుగా చెప్పవలెనా?"

పై ఆదివారం కృపావరం బ్లోయరు స్విచ్చి వేయకుండా ఆర్గన్ ముందు కూర్చున్నాడు. అంగీ వేసుకున్నాడు, పుస్తకం తెరిచాడు, వేళ్ళు కదిపాడు. వేళ్ళ కింద ఆర్గన్ చెక్క మెట్లు టకటకమన్నాయి తప్ప ఇంకేమీ వినపడలేదు. ఎదురుగా పన్నెండుమంది నోళ్ళు తెరిచి మూస్తున్నారు. వెనక రెండువందలమంది చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ నోళ్ళకేసి చూస్తున్నారు. కృపావరానికి సిగ్గేసింది. ఇదంతా మొదలైన రోజున తను సంతోషపడ్డ సంగతి గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. టకటకల కింద రెండు మార్కులు పోయి తొంభై ఎనిమిది వచ్చాయి. మెట్ల కింద ఉన్నిగుడ్డ వేయించాక, డిసెంబరు మొదటి ఆదివారం నాడు పాతరేవు బర్నబా చర్చి నూటికి నూరు తెచ్చుకుంది. మండలం మొత్తంలో తప్పు లేకుండా ఆరాధన చేసిన మొదటి సంఘంగా శిలాఫలకం చెక్కిస్తామని కార్యాలయం నుంచి అభినందనల ఉత్తరం వచ్చింది.

ఆ వారమే సువార్తమ్మ మంచం పట్టింది. ఆయాసం. డాక్టరు కృపావరాన్ని వరండాలోకి పిలిచి, వయసైపోయింది మాస్టారూ అన్నాడు. లోపల్నుంచి సువార్తమ్మ, "నాకు చెవుడు లేదయ్యా, ఇక్కడికొచ్చి చెప్పు," అంది.

డాక్టరు వెళ్ళాక కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఒరే అబ్బాయ్, నాదొక్కటే కోరిక. నన్ను పాతిపెట్టేటప్పుడు రేవు పాట పాడాల. అందరూ పాడాల. నీ పన్నెండుమంది నోళ్ళు తెరవటం కాదు."

రేవు పాట పాతరేవు వాళ్ళ సొంతం. ఎప్పుడో ఒక మిషన్ బడి పంతులు రాసింది. పదకొండు చరణాలు. ఆ ఊళ్ళో ఎవరు పోయినా ఆ పాట పాడుతూనే సమాధి చేసేవారు.

"సమాధుల తోట కూడా రూలు కిందికొస్తదమ్మా," అన్నాడు కృపావరం.

"అయితే రూలు తీసేదాకా నేను చావను."

అన్నంత పనీ చేసేలాగే కనపడింది. నెల దాటినా, ఊపిరి అందకపోయినా మొండిగా బతికింది. కృపావరం సెలవు పెట్టి మండల కార్యాలయానికి వెళ్ళాడు. వేదరత్నం గారు విషయమంతా శ్రద్ధగా విన్నారు. ఉత్తర్వులో మినహాయింపు ఉందని, తొమ్మిదో నంబరు ఫారంలో దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పేసరికి కృపావరానికి ప్రాణం లేచొచ్చింది.

"మరణ దినమునకు ఏడు దినములు ముందుగా దరఖాస్తు అందవలెను," అని వేదరత్నం గారు కలం తీశారు. "అమ్మగారు ఏ తారీఖున మరణించదలచినారు?"

"అదెట్టా తెలుస్తుందండీ?"

"తారీఖు లేని దరఖాస్తు పరిశీలింపబడదు. మరియు మరణ ధ్రువపత్రము జతపరచవలెను."

"చావకముందు ధ్రువపత్రం ఎవరిస్తారండీ? పోనీ, చచ్చిపోయాక పెట్టుకుంటే?"

"గడువు దాటినదిగా తిరస్కరింపబడును. నిబంధన నేను వ్రాసినది కాదు మాస్టారు గారూ. సాధికార సంఘము వ్రాసినది. నేను సంఘమునకు కన్వీనరును మాత్రమే."

ఇంటికొచ్చి ఈ మాట చెబితే సువార్తమ్మ ఆయాసపడుతూనే నవ్వింది. "ఆడా? ఎడ్వినుగాడు పుట్టినప్పుడు ఏడవలేదురా. కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి, వీపు మీద నాలుగు తగిలిస్తే గానీ నోరు తెరవలా. ఆ రోజే అనుకున్నా, ఈడు తేడాగాడని."

జనవరి రెండో వారం, గురువారం పొద్దున, కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి సువార్తమ్మ పోయింది. రూలు తీయలేదు. ఆవిడ అన్న మాట జీవితంలో తప్పడం అదొక్కసారే. కృపావరం ఆ గ్లాసు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. పాట లేకుండా పంపించాల్సి వస్తుందన్న బాధ, ఆవిడ పోయిన బాధ కంటే ఎక్కువగా కోసింది. తను ఒకప్పుడు కోరుకున్నది సరిగ్గా ఇదే గదా అనుకున్నాడు.

శుక్రవారం మూడింటికి చర్చిలో ఆరాధన. యాకోబు చేసిన పెట్టెలో సువార్తమ్మని బలిపీఠం ముందు ఉంచారు. వేదరత్నం గారు ఫారంతో వెనక కూర్చున్నారు. బృందం నోళ్ళు తెరిచింది. కృపావరం గాలి లేని ఆర్గన్ మీద, ఉన్నిగుడ్డ పరిచిన మెట్ల మీద, తల్లి కోసం రేవు పాట వాయించాడు. ఎవరికీ వినపడలేదు. ఏడ్చేవాళ్ళు కూడా చెంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ఆరు నిమిషాల్లో అంతా అయిపోయింది. నూటికి నూరు.

పెట్టె చర్చి గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది. మోస్తున్న ఆరుగురిలో ముందున్నవాడు కృపావరం. సమాధుల తోటకి నడిస్తే పది నిమిషాలు. నాలుగడుగులు వేశాక అతను ఆగాడు. కింద తారు చూశాడు. వెనక చర్చి గేటు చూశాడు.

"యాకోబూ, ఈ రోడ్డెవరిది?"

"మునిసిపాలిటీదండి," అన్నాడు వెనకనుంచి యాకోబు.

ముప్పై ఏళ్ళలో కృపావరం గుళ్ళో ఎన్నడూ నోరు విప్పి పాడలేదు. చేతులకే పని. గొంతు బొంగురు, శ్రుతి అసలు లేదు. ఆ గొంతుతోనే రేవు పాట ఎత్తుకున్నాడు. మొదటి మాట పూర్తవకముందే యాకోబు అందుకున్నాడు. తర్వాత వెనకనున్న రెండువందలమందీ ఒక్కసారిగా పాడారు. ఏడు నెలలుగా బిగబట్టిన గొంతులు. పావురాలు చర్చి శిఖరం మీంచి లేచిపోయాయి. ఆకుపచ్చ రిబ్బన్ల పర్యవేక్షకులు రిబ్బన్లతోనే పాడారు. అయ్యగారు చుట్టూ చూసి, మొదట పెదవులు కదిపి, తర్వాత తల వంచుకుని పాడారు.

వాళ్ళ పాటకి పది నిమిషాల దారి ఏ మూలకి సరిపోతుంది! తోట గేటు దగ్గరికొచ్చేసరికి మూడో చరణం నడుస్తోంది. వేదరత్నం గారు కార్లో ముందే చేరుకుని గేటుకి అడ్డంగా నిలబడ్డారు.

"ఆగవలెను! ఈ గేటునకు లోపల మండల పరిధి. శవము రావచ్చును. పాట రాకూడదు."

కృపావరం ఆయన మొహంలోకి చూశాడు. గొడవపడలేదు. "పాట అవ్వలేదండి," అని, మోసేవాళ్ళ వైపు తిరిగి, "పెట్టె తిప్పండయ్యా," అన్నాడు.

సువార్తమ్మ చేపల మార్కెట్టు వైపు వెళ్ళింది. బస్టాండు దగ్గర ట్రాఫిక్ కానిస్టేబులు పెట్టెలో ఎవరని అడిగి, చెప్పగానే టోపీ తీసి బస్సులు ఆపాడు. అతన్నీ ఆవిడే భూమ్మీదికి తెచ్చింది. టీ కొట్టు మస్తానమ్మ కొట్టు వదిలి వెంట నడిచింది, ఆమె ముగ్గురు పిల్లలూ సువార్తమ్మ చేతి మీద పుట్టినవాళ్ళే. పాట రానివాళ్ళు కూడా చరణం చివర కలిపారు. మళ్ళీ గేటు దగ్గరికొచ్చేసరికి ఏడో చరణం. మళ్ళీ తిప్పారు. పదకొండో చరణం బజారు మధ్యలోనే అయిపోయింది గానీ, అప్పటికి ఎవరికీ ఆపాలని లేదు. ఆవిడకి అదిష్టం, ఇదిష్టం అంటూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తుకున్నారు. మోసేవాళ్ళు అలిసిపోతే వేరేవాళ్ళు భుజం పట్టారు. మూడోసారి గేటు దగ్గరికి వచ్చేటప్పటికి వెయ్యిమంది ఉన్నారు, అయిదున్నరైంది. ఆరింటికి తోట మూసేయాలని ఇంకో రూలుంది.

వేదరత్నం గారు గడియారం చూసుకున్నారు. బిషప్పు గారికి ఫోను చేశారు. "శవము లోనికి వచ్చుట లేదండి... లేదండి, పాటను వదలి వచ్చుట లేదండి... ఆరు గంటలు దాటిన శవము రోడ్డుపైన ఉండునండి. పత్రికలవారు కూడ వచ్చియున్నారండి." చాలాసేపు విన్నారు. తర్వాత సమాధుల రిజిస్టరు తెప్పించారు. అందులో 'శవముతో వచ్చిన వస్తువులు' అని ఒక గడి ఉంది. ఇంతకాలం దుప్పటి, పూలదండ, బైబిలు అని రాసేవారు. వేదరత్నం గారు అందులో 'పాట' అని రాసి, కింద బిషప్పు గారి ఉత్తర్వును ఎర్రసిరాతో ఎక్కించారు. "పాటను శవముతో వచ్చిన వస్తువుగా పరిగణించి అనుమతించడమైనది. శవపేటిక ఎదుట ఉన్నంతవరకు పాట ఉండవచ్చును."

గేటు తెరిచారు. సువార్తమ్మ గుంటలోకి దిగుతుంటే రేవు పాట మళ్ళీ మొదటి చరణం నుంచి పాడారు. మట్టి పోసేదాకా పాడారు. కృపావరం ఏడుస్తూనే, మధ్యలో గొంతు ఆగిపోయినప్పుడల్లా పక్కవాళ్ళ పాట మీద ఆనుకుని, చివరిదాకా పాడాడు. అమ్మ కోరింది అమ్మకి దక్కింది.

తర్వాతి ఆదివారం శిలాఫలకం వచ్చింది. నల్లరాయి మీద 'సంపూర్ణ మౌనారాధన' అని బంగారు అక్షరాలు చెక్కించి, వేదరత్నం గారు దాన్ని ఇద్దరు మనుషుల చేత మోయించుకుని చర్చి మెట్ల దాకా వచ్చి ఆగిపోయారు. లోపల్నుంచి పాట వినిపిస్తోంది. గుడి కప్పు లేచిపోయేలా పాడుతున్నారు. ఆర్గన్ నూట ముప్పై పైపులతోనూ, శ్రుతి తప్పిన పదిహేడింటితో సహా, హోరుమంటోంది.

ఆయన ఫారం పట్టుకుని లోపలికొచ్చారు. బలిపీఠం ముందు యాకోబు చేసిన కొత్త శవపేటిక, పూలదండతో సహా ఉంది. వేదరత్నం గారు చప్పున తల వంచి, గొంతు తగ్గించారు.

"ఎవరండీ పోయినది?"

అయ్యగారు జవాబు చెప్పకుండా సమాధుల రిజిస్టరు తెరిచి చూపించారు. గడులన్నీ ఆయన సొంత దస్తూరీతో నిండి ఉన్నాయి. మృతుని పేరు: సర్క్యులర్ నంబరు పద్నాలుగు. వయస్సు: ఏడు నెలలు. తండ్రి: మండల కార్యాలయము. మరణ కారణము: ఊపిరాడక. శవముతో వచ్చిన వస్తువులు: పాటలు, సంఖ్య తెలియదు. ఖననము: సంఘము పాడుట చాలించిన పిమ్మట.

"అయ్యగారూ," అన్నారు వేదరత్నం గారు నీరసంగా, "మీకు బదిలీ అవుతుందండి."

"అవుతుందండి," అన్నారు అయ్యగారు. "వెళ్ళే ఊళ్ళో కూడా వడ్రంగులు ఉంటారండి."

వేదరత్నం గారు పేజీ మళ్ళీ మొదటి నుంచి చదివారు. ఉత్తర్వుకి విరుద్ధంగా ఏమీ లేదు. పేటిక ఉంది, పాట ఉంది, రెండూ ఎదురెదురుగానే ఉన్నాయి. అడుగున ఒక్క గడి మాత్రం ఖాళీగా కనపడింది: 'దగ్గరుండి చూచినవారి సంతకము.' అది చూడగానే ముప్పై రెండేళ్ళ ఆడిట్ చెయ్యి ఊరుకోలేకపోయింది. జేబులోంచి కలం తీసి, తేదీతో సహా సంతకం పెట్టి, ఏం చేశానన్నట్టు దానికేసే చూస్తూ ఉండిపోయారు.

ఆర్గన్ దగ్గర్నుంచి ఇదంతా చూస్తున్న కృపావరం, తల్లి పోయిన తర్వాత మొదటిసారిగా గట్టిగా నవ్వాడు. ఆ నవ్వులో పడి రెండు మెట్లు తప్పు నొక్కాడు. ఎవరూ పట్టించుకోలేదు, సంఘం పాడుతూనే ఉంది.